కరెంటు స్తంభం మీద కేబుల్‌కు దరఖాస్తు వస్తే సెక్షన్‌లో ఏం చేయాలి?

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. కొత్తగా సెక్షన్‌కు (కరెంటు సంస్థ ఏరియా ఆఫీసుకు) వచ్చిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), సబ్ ఇంజనీర్లు ఫోన్ చేసి, "సార్, ఇంటర్నెట్ వాళ్లు రెండు వందల స్తంభాలకు ఫైల్ పెట్టారు, ఏం రాయమంటారు?" అంటారు. ఇటు చిన్న కేబుల్ ఆపరేటర్లు, "అన్నా, మా ఫైల్ మూడోసారి వాపస్ వచ్చింది, తప్పెక్కడుంది?" అంటారు. ఇద్దరి ఇబ్బందీ ఒకచోటే మొదలవుతుంది. దరఖాస్తులో రూటు ఉంటుంది, స్తంభం ఉండదు. "నయీంనగర్ నుంచి కిషన్‌పుర వరకు" అని రాస్తారు. ఆ దారిలో ఏ స్తంభం ఒరిగింది, దేని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఎక్కడ ఇప్పటికే పది కేబుళ్లు వేలాడుతున్నాయి అన్నది అందులో కనిపించదు.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణుడి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. తర్వాత స్తంభాల మీది కేబుళ్లు కోయడం, ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోవడం, కంపెనీలు హైకోర్టుకు వెళ్లడం అందరం చూశాం. అనుమతి అడిగిన రోజే ఒక్కో స్తంభాన్నీ చూసి ఉంటే కోసే రోజు అంత గందరగోళం ఉండదు. అందుకే ఈ పని ఎలా చేయాలో మొదటి నుంచి రాస్తున్నాను. సెక్షన్ వాళ్ల కోసం రాసినా, ఆపరేటర్లు కూడా చదివితే ఫైల్ ఎందుకు తిరిగొస్తుందో తెలుస్తుంది.

రూల్స్ గురించి రెండే మాటలు. కేంద్రం 2022 ఆగస్టులో రైట్ ఆఫ్ వే (టెలికాం లైన్లు వేసుకునే దారి హక్కు) నిబంధనలను సవరించి, టెలికాం వాళ్లు వీధిలోని స్తంభాల్లాంటివి వాడుకునే దారి తెరిచింది. 2025 జనవరి 1 నుంచి కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలు అమల్లో ఉన్నాయి. అగ్రిమెంటు, అద్దె, డిపాజిట్ పై ఆఫీసులు చూసుకునే విషయాలు. సెక్షన్ చేతిలో ఉండేది ఫీల్డ్ రిపోర్టు. పైన సంతకం పెట్టేవాళ్లు ఆ స్తంభాన్ని మీ కళ్లతోనే చూస్తారు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఆ ఏరియా ఎల్టీ (ఇళ్లకు కరెంటిచ్చే తక్కువ వోల్టేజీ లైను) స్కెచ్, ఎస్ఎస్ నంబర్లతో (ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇచ్చే నంబరు)
- పెయింటు డబ్బా, బ్రష్
- ఎత్తు కొలిచే ఫైబర్ కర్ర. స్టీలు టేపు, ఇనుప పైపు లైను దగ్గరికి తేవద్దు.
- నేల మీద దూరం కొలవడానికి గుడ్డ టేపు
- ఫోన్, అందులో కోణం చూపించే యాప్
- ఒక రిజిస్టరు. కంప్యూటర్లో పెట్టుకున్నా కాగితం మీద ఒకటి ఉండాలి.
- ఆ ఏరియా లైన్‌మన్. ఇది లిస్టులో చివర రాశాను గానీ, ఆయన లేకుండా సర్వేకు బయల్దేరవద్దు.

1. ఫైల్ తీసుకున్న రోజే తేదీ, నంబరు వేయండి

టెలికాం కంపెనీల దరఖాస్తులు కేంద్రం పెట్టిన గతిశక్తి సంచార్ పోర్టల్ ద్వారా వస్తే వాటికి గడువు నడుస్తుంది. చేతికిచ్చిన కాగితానికైనా ఇదే పద్ధతి పాటించండి. "తర్వాత చూద్దాం" అని టేబుల్ మీద పెట్టిన ఫైలే రేపు గొడవకు మూలం. నేను గమనించినంతలో, అనుమతి లేకుండా కేబుల్ లాగినవాళ్లలో చాలామంది జవాబు రాక విసిగి లాగినవాళ్లే.

ఫైల్లో ఐదు విషయాలు చూడండి: లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ కాపీ, స్తంభాల లిస్టు, కేబుల్ వివరం (మీటరుకు ఎంత బరువు, ఎంత మందం, లోపల ఇనుప తీగ ఉందా లేదా), ఏ ఎత్తులో ఎలాంటి క్లాంపుతో కడతారు, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తే మనిషి నంబరు. ఏదైనా లేకపోతే అదే రోజు ఒక్క కాగితం మీద అన్నీ కలిపి అడగండి. ఇవాళ ఒకటి, వచ్చే వారం ఇంకొకటి అడిగితే ఆపరేటర్ నలిగిపోతాడు, మీకూ పని పెరుగుతుంది.

2. స్తంభానికి నంబరు లేకపోతే ముందు నంబరు వేయండి

"హనుమాన్ గుడి పక్క స్తంభం" అని రాస్తే, గుడికి అటూ ఇటూ రెండు స్తంభాలున్నప్పుడు ఎవరికి తోచింది వాళ్లు ఎక్కుతారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లెక్క మొదలుపెట్టి ఎస్ఎస్ నంబరు, ఏ వైపు లైను, ఎన్నో స్తంభం అని పెయింటు వేయండి. కళ్లకు ఎదురుగా కనిపించే ఎత్తులో, రోడ్డు వైపుకు వేస్తే బండి మీద వెళ్తూ కూడా చదవొచ్చు. రెండు వందల స్తంభాలకు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు పోయినట్టు అనిపించినా, కరెంటు ఫిర్యాదులకూ ఇవే నంబర్లు పనికొస్తాయి.

3. వద్దనే స్తంభాలను లిస్టులోంచి ముందే తీసేయండి

వీటికి సర్వే కూడా అక్కర్లేదు, లిస్టులో నేరుగా కొట్టేయండి:

- ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్తంభాలు, డీపీలు (జంటగా నిలిపిన స్తంభాలు)
- లైను ఆపే ఏబీ స్విచ్ ఉన్నవి
- భూగర్భ కేబుల్ పైకి వచ్చే స్తంభాలు
- పగిలి లోపలి తీగ కనిపిస్తున్నవి, ఒరిగినవి, మొదలు దగ్గర మట్టి కొట్టుకుపోయినవి. 2023 జూలై వరదల తర్వాత వాగుల ఒడ్డున స్తంభాలు మొదలు దగ్గర ఎలా ఉన్నాయో చూసినవాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు.
- స్టే (స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టే తీగ) తెగినవి. స్టే వైరుకు కేబుల్ కట్టడం ఎప్పుడూ ఒప్పుకోవద్దు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. "ఈ ఒక్క స్తంభం తీసేస్తే రూటు తెగిపోతుంది, పోనీలే" అని వదిలేస్తారు. రూటు ఎలా కలపాలన్నది ఆపరేటర్ చూసుకోవాలి. ఆ ఒక్క చోట ఆయన సొంత స్తంభం పాతుకోవచ్చు, ఇంటి యజమాని ఒప్పుకుంటే గోడ మీదుగా తీసుకెళ్లొచ్చు, పైపు వేసి నేల కిందుగా పోవచ్చు.

4. ఎత్తు కొలవండి. అసలు పని ఇదే.

వీధుల్లో ఎల్టీకి ఎక్కువగా ఉండేవి 8 మీటర్ల సిమెంటు స్తంభాలు. పొడవులో ఆరో వంతు భూమిలో పోతే పైన మిగిలేది ఆరున్నర మీటర్ల చిల్లర. భద్రతా నిబంధనల ప్రకారం ఎల్టీ లైను కింది తీగ రోడ్డు వెంట వెళ్తుంటే నేల నుంచి 5.5 మీటర్లు, రోడ్డు దాటుతుంటే 5.8 మీటర్లకు తగ్గకూడదు. 11 కేవీ (ఎక్కువ వోల్టేజీ) లైను అయితే అవి 5.8, 6.1. కేబుల్ ఈ తీగల కిందే ఉండాలి. లైన్‌మన్ తల, భుజాలు, చేతులు ఆడేంత ఖాళీ మధ్యలో వదలాలి. అగ్రిమెంటులో దూరం రాసి ఉంటుంది, దాన్ని అంగుళం కూడా తగ్గించవద్దు.

ఇప్పుడు కింది నుంచి లెక్క వేయండి. స్తంభం దగ్గర 5 మీటర్ల ఎత్తులో కేబుల్ కట్టారనుకుందాం. 40 మీటర్ల స్పాన్‌లో (రెండు స్తంభాల మధ్య దూరం) మధ్యకు వచ్చేసరికి 40 సెంటీమీటర్లు వేలాడినా మిగిలేది 4.6. పత్తి సీజన్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే లారీని ఆపి లోడుతో సహా ఎత్తు కొలవండి, తెలుస్తుంది. గడ్డి ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, బోరు బండ్లు, వినాయక విగ్రహాలు ఇవన్నీ ఆ తీగ కిందుగా పోవాల్సినవే. అందుకే 8 మీటర్ల స్తంభాల మీద మెయిన్ రోడ్డు క్రాసింగ్‌కు నేను ఓకే రాయను. ఎత్తు స్తంభం వేయించుకోవాలి, లేదా రోడ్డు కింద పైపులో తీసుకెళ్లాలి. గల్లీల్లో, రోడ్డు పక్కగా వెళ్లే స్పాన్‌లలో ఇదే ఎత్తు సరిపోవచ్చు. ప్రతి స్పాన్‌కూ కొలత మాత్రం తీయాల్సిందే.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఒకసారి క్రాసింగ్ దగ్గర ఎత్తు స్తంభం పక్కనే కొలిచి రిపోర్టు రాశాను, రోడ్డు మధ్యలో కొలవలేదు. నవంబర్లో ఒక రాత్రి పత్తి లారీ ఆ కేబుల్‌ను పట్టుకుని లాక్కుపోయింది. స్తంభం మొదలు దగ్గర విరిగింది, ఎల్టీ తీగలు రోడ్డు మీద పడ్డాయి. తెల్లవారి వెళ్లేసరికి విరిగిన ముక్కకు క్లాంపు అలాగే బిగించి ఉంది. తెగిన కేబుల్ కొనకు పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి. ఆ సమయానికి రోడ్డు మీద మనుషులు లేరు. ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఆ రోజు నుంచి స్పాన్ మధ్యలో కొలత లేని రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేదు.

*కర్ర లేకపోతే ఎలా కొలవాలి?* తీగకు సరిగ్గా కింద నేల మీద ఒక గుర్తు పెట్టండి. అక్కడి నుంచి తీగ వెళ్లే దిక్కుకు అడ్డంగా వెనక్కి నడుస్తూ ఫోన్ యాప్‌లో తీగ వైపు కోణం చూడండి. 45 డిగ్రీలు చూపించిన చోట ఆగి గుర్తు వరకు దూరం కొలవండి. దానికి మీ కంటి ఎత్తు కలిపితే తీగ ఎత్తు వస్తుంది. దూరం 4 మీటర్లు, కంటి ఎత్తు 1.5 అయితే తీగ 5.5 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు. నేల చదునుగా ఉన్న చోటే ఇది పనిచేస్తుంది. రెండుసార్లు చూడండి, రెండు కొలతలూ దగ్గరగా రాకపోతే కర్ర తెప్పించండి.

కొలిచే వేళ కూడా ముఖ్యమే. ఎల్టీ అల్యూమినియం తీగ మే నెల మధ్యాహ్నం బాగా సాగి కిందికి దిగుతుంది. జనవరి పొద్దున తీసిన కొలతను నమ్ముకుంటే ఎండాకాలంలో తీగకూ కేబుల్‌కూ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. చలికాలంలో సర్వే చేస్తే "మేలో మళ్లీ కొలవాలి" అని రిజిస్టరులో అప్పుడే రాసి పెట్టుకోండి.

5. నిచ్చెన వేసి చూడండి

సర్వేలో ప్రతి స్తంభం దగ్గరా లైన్‌మన్‌ను ఒక్కటే అడగండి, "రాత్రి వానలో ఇక్కడ నిచ్చెన వేసి ఎక్కగలవా?" అని. అనుమానం ఉంటే అప్పుడే నిచ్చెన వేయించండి. హనుమకొండలో ఒక గల్లీలో ఇలాగే వేయించాం. నిచ్చెన స్తంభానికి ఆనలేదు. మధ్యలో చుట్టలు చుట్టలుగా కేబుల్ లూపులు, నాలుగు జాయింట్ డబ్బాలు ఉన్నాయి. "సార్, చెయ్యి పెట్టనీకె జాగ లేదు, ఇగ భుజం ఎట్ల పెట్టాలె?" అన్నాడు లైన్‌మన్. ఆ స్తంభం గురించి రిపోర్టులో నేను అంతకంటే రాయాల్సింది ఏమీ మిగల్లేదు.

కాబట్టి స్తంభానికి లూపు చుట్టడం, జాయింట్ డబ్బా, పవర్ సప్లై డబ్బా బిగించడం ఒప్పుకోవద్దు. వాటికి గోడ మీదో, నేల మీదో ఆపరేటర్ సొంత పెట్టె పెట్టుకోవాలి. కేబుల్ అంతా స్తంభానికి ఒకే పక్కన ఉండాలి, ఎక్కే పక్క ఖాళీగా వదలాలి.

6. లాగుడు లెక్క వేయండి

"ఫైబర్ తేలికే కదా సార్" అంటారు. ఒక్కటి తేలికే. లెక్క ఇలా చూడండి: మీటరు బరువును స్పాన్‌తో రెండుసార్లు గుణించి, కేబుల్ మధ్యలో ఎంత వేలాడుతుందో దానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. మీటరుకు 100 గ్రాములు, స్పాన్ 40 మీటర్లు, వేలాడేది 40 సెంటీమీటర్లు అయితే 0.1 × 40 × 40 = 160. దాన్ని 3.2తో భాగిస్తే 50 కిలోల లాగుడు. ఎత్తు చాలడం లేదని కేబుల్‌ను బిగించి వేలాడేది 20 సెంటీమీటర్లకు తెస్తే అదే లాగుడు 100 కిలోలు అవుతుంది.

మన వైపు వాడే 8 మీటర్ల స్తంభాల వర్కింగ్ లోడ్ (భద్రంగా తట్టుకునే లాగుడు) సాధారణంగా 140 కిలోలు. ఆ లెక్క పై కొన దగ్గర వేసేది, కేబుల్ కొంచెం కింద కడతాం కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది. కానీ ఆ స్తంభం మన తీగల భారం, వాటి మీద గాలి ముందే మోస్తోంది. వరుసలో మధ్య స్తంభాలకు రెండు వైపుల లాగుడూ ఒకదానికొకటి సరిపోయి రద్దవుతుంది. మలుపు దగ్గర, లైను ఆగిపోయే చివర మాత్రం మొత్తం ఒకే వైపు పడుతుంది. ఆ స్తంభాలకు కొత్త స్టే వేయాలి, ఖర్చు ఆపరేటరే పెట్టుకోవాలి.

ఒకే గల్లీకి ముగ్గురు ఆపరేటర్లు అడిగితే ముగ్గురినీ కూర్చోబెట్టి, అందరి కేబుళ్లూ ఒకే సపోర్ట్ వైరు (కేబుల్ బరువు మోసే ఇనుప తీగ) మీద కట్టగా వేసుకోమనండి. మొదట వాళ్లు ఒప్పుకోరు, నాది కోస్తాడు వాడిది కోస్తాడు అంటారు. స్తంభానికి ఒక్క క్లాంపే ఇస్తామని గట్టిగా చెబితే దారికి వస్తారు. ఊళ్లలో కోతులు పట్టుకుని ఊగేది కూడా విడివిడిగా వదులుగా వేలాడే కేబుళ్లనే.

7. ప్రతి స్తంభానికీ ఒక జవాబు రాయండి

మూడే జవాబులు ఉంటాయి: సరే, పని చేశాక సరే, కుదరదు. "పని చేశాక" అంటే ఏ పనో రాయాలి. "కుదరదు" అంటే కారణం, వీలుంటే వేరే దారి రాయాలి. రిజిస్టరులో ఒక వరుస ఇలా ఉంటే చాలు:

*ఎస్ఎస్ 12, తూర్పు లైను, 7వ స్తంభం. 8 మీ. కింది ఎల్టీ తీగ స్పాన్ మధ్యలో 5.6. పాత కేబుళ్లు 3, రెండింటికి ట్యాగు లేదు. మలుపు స్తంభం, స్టే లేదు. స్టే వేశాక సరే. ఎత్తు 4.9, రోడ్డు వైపు కాకుండా. లూపు వద్దు.*

"ఫీజిబుల్" అని ఒక్క మాట రాసి రెండు వందల స్తంభాలకు కింద సంతకం పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ప్రమాదం జరిగితే ఆ ఒక్క మాటే మీ ముందు పెడతారు.

8. పని రోజు

ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పనికి ఇచ్చే అనుమతి) లేకుండా స్తంభం ఎక్కనివ్వవద్దు. ఆపరేటర్ కుర్రాళ్లు "మేము తీగలు ముట్టుకోం సార్, కిందే కడతాం" అంటారు. చేతిలో సపోర్ట్ వైరు ఇనుముదే. లాగేటప్పుడు అది ఎగిరి ఎల్టీకి తగిలితే పైనున్న మనిషికీ కింద చివర పట్టుకున్నవాడికీ ఒకేసారి కొడుతుంది.

ఎల్సీ తీసుకున్నాక కూడా మూడు చోట్ల మోసపోతాం. పక్క ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే లైను అదే స్తంభం మీద ఉండొచ్చు. ఏదో ఇంట్లోనో షాపులోనో జనరేటర్, ఇన్వర్టర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చు. వీధిదీపాల తీగ విడిగా టైమర్ మీద ఉంటే, పని సాయంత్రం దాకా సాగినప్పుడు తనంతట తనే ఆన్ అవుతుంది. అందుకే ప్రతి తీగనూ టెస్టర్‌తో చూసి, పని చేసే చోటుకు రెండు వైపులా తీగలను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు వేశాకే ఎక్కాలి. హెల్మెట్, బెల్టు లేనివాళ్లను వెనక్కి పంపండి. టెన్షన్‌లో, తొందరలో "ఈ ఒక్కటే కదా" అనిపిస్తుంది. పంపించేయండి, రేపు చేసుకుంటారు.

9. పని అయ్యాక సరిచూడడం

మర్నాడు వెలుతురులో మళ్లీ నడవండి. చూడాల్సినవి ఇవి: స్పాన్ మధ్యలో ఎత్తు, ప్రతి స్తంభం మీద ఆపరేటర్ పేరు, ఫోన్ నంబరు ఉన్న ట్యాగు, ఇళ్లకు వెళ్లే సర్వీసు వైర్లకు కేబుల్ రాసుకుంటోందా, మిగిలిన కేబుల్ ముక్కలు చెట్ల మీద, నేల మీద వదిలేశారా. సపోర్ట్ వైరుకు ఎర్తింగ్ చేశారో లేదో చేత్తో ముట్టకుండా కంటితో చూడండి. ప్రతి స్తంభానికీ ఒక ఫోటో తీసి నంబరు ప్రకారం దాచండి. తర్వాత మొదటి గాలిదుమారం వచ్చి వెళ్లాక మలుపు స్తంభాలు మాత్రం ఇంకోసారి చూసిరండి. స్తంభం కొంచెం ఒరిగినా మొదలు దగ్గర మట్టి ఒక పక్కన విచ్చుకుంటుంది, అక్కడ తెలిసిపోతుంది.

10. ఎవరిదో తెలియని కేబుల్ ఉంటే

ట్యాగు లేనివాటిని ఒకేసారి కోయొద్దు. ముందు ఫోటో తీసి, స్తంభం నంబర్లతో లిస్టు రాసి, ఆ ఏరియా ఆపరేటర్లందరికీ కాపీ ఇచ్చి గడువు పెట్టండి. ఆసుపత్రి, బ్యాంకు, పోలీస్ స్టేషన్ వైపు వెళ్లే కేబుళ్లను విడిగా విచారించండి. గడువు దాటాక పై అధికారి కాగితం చేతిలో పెట్టుకుని తీయించండి, తీసిన కేబుల్ ఎన్ని మీటర్లో రాసి స్టోర్లో పెట్టండి. తెగి రోడ్డు మీదికి వేలాడుతున్నదీ, లైవ్ తీగకు తగులుతున్నదీ మాత్రం గడువు చూడక్కర్లేదు, వెంటనే లైను ఆపి తీయాలి. మీ ఇంటి ముందు అలాంటిది కనిపిస్తే ఎవరైనా సరే, ముట్టుకోకుండా, పిల్లలను దగ్గరికి రానివ్వకుండా 1912కు ఫోన్ చేయండి. స్తంభం మీది నంబరు చెప్పండి, లైన్‌మన్ వెతుక్కోకుండా నేరుగా అక్కడికే వస్తాడు.